ఫ్యూజు లేని లైటు బిగించుకోం! ఫ్యూజు లేకుండా లైటు బిగించం!

రాత్రిపూట బండి నడిపే అన్నలారా, తమ్ముళ్లారా, అక్కచెల్లెళ్లారా! బండ్లు బాగుచేసే మేస్త్రీలారా!

చీకటి పడ్డాక మన రోడ్లమీద ఏమేం ఎదురవుతాయో మీకు తెలియంది కాదు. కోతల కాలంలో సగం రోడ్డు ఆక్రమించిన వడ్ల రాశి, దాని చుట్టూ అంచుగా పేర్చిన రాళ్లు. వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కు. రోడ్డుకు అడ్డంగా కదలకుండా నిలబడ్డ గేదె. కంపెనీ ఇచ్చిన హెడ్‌లైటు చాలక క్రాష్‌గార్డుకు ఇంకో రెండు లైట్లు బిగించుకుంటున్నాం. ప్రాణం మీద ఆశ ఉన్నవాడు చేసే పనే అది. బిగించే తీరు మాత్రం మారాలి.

ఇప్పుడు ఏం జరుగుతోంది? హెడ్‌లైటు వైరు తోలు బ్లేడుతో గీకి, దానికి కొత్త వైరు మెలేసి, నల్లటేపు చుట్టి పంపేస్తున్నారు. ఫ్యూజు లేదు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు) లేదు. ఆ పూటకు ధగధగా వెలుగుతుంది. నాలుగు వానలు పడ్డాక టేపు జిగురు వదులుతుంది, రాగికి పచ్చచిలుం పడుతుంది, ఆ జాయింటు వేడెక్కుతుంది. వైరింగు కట్ట పోయేది పెట్రోలు ట్యాంకు కింద నుంచే. అక్కడ షార్టయితే ఏమవుతుందో ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

లెక్క చాలా చిన్నది. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. చిన్న బండ్లలో చాలావాటికి హెడ్‌లైటు బల్బు 35 వాట్లు, అంటే మూడు ఆంపియర్లు. ఆ వైరు, ఆ స్విచ్చు అంతవరకే తట్టుకుంటాయి. దానికే 55 వాట్ల హాలోజన్లు రెండు తగిలిస్తే ఇంకో తొమ్మిది ఆంపియర్లు పెరిగాయి. స్విచ్చు కరగడంలో వింతేముంది? అదే 20 వాట్ల ఎల్‌ఈడీలు రెండు పెడితే మూడున్నర ఆంపియర్ల లోపే పోతుంది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లలో ఇంజిన్ స్టార్టయితే హెడ్‌లైటు ఆరదు కాబట్టి, కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ దగ్గర మిగిలే కరెంటు మరీ తక్కువ. అందుకే ఎల్‌ఈడీలే తీసుకోండి.

బిగింపు ఇలా ఉండాలి. బ్యాటరీ ప్లస్ నుంచి వైరు బయల్దేరిన జానెడు లోపలే ఫ్యూజు. అక్కడినుంచి రిలే 30 నంబరు కాలుకు, 87 నుంచి లైట్లకు. 86కు స్విచ్చు మీదుగా తాళం వేస్తేనే కరెంటు వచ్చే వైరు, 85కు ఎర్త్. స్విచ్చు గుండా పోయేది రిలేను లేపేంత కరెంటే కాబట్టి అది కాలదు. 40 వాట్లకు 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఫ్యూజు పోయిందని సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టే అలవాటు ఈరోజే మానేయండి. పోయిన ఫ్యూజు మీ బండిని కాపాడి పోయింది. ఎందుకు పోయిందో వెతకాలి.

ఎలా వెతకాలి? లైట్ల కప్లర్లు విప్పి స్విచ్చు వేయండి. అయినా ఫ్యూజు కొట్టేస్తే షార్టు వైరు దారిలో ఉంది. హ్యాండిల్ తిప్పినప్పుడే పోతుంటే, హ్యాండిల్ మెడ దగ్గర వైరు నలిగింది. ముందు అక్కడే చూడండి.

లైటు మసకగా వెలిగితే లైటును తిట్టకండి, ఎర్త్‌ను అనుమానించండి. రంగు మీద, తుప్పు మీద బిగించిన ఎర్త్ ఎర్త్ కాదు. మల్టీమీటరు తక్కువ ధరకే దొరుకుతుంది. లైటు వెలుగుతుండగా ఒక ముల్లు లైటు మైనస్ వైరుకు, రెండోది బ్యాటరీ మైనస్‌కు పెట్టండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ చెడింది. గీకి, లగ్గు వేసి, నేరుగా బ్యాటరీ మైనస్‌కు తెచ్చేయండి. ప్లస్ వైపూ ఇదే పరీక్ష.

రిలే టిక్కుమంటోంది, లైటు రాదంటే 30, 87 కాళ్ల వైపు, లైటు ఎర్త్ చూడాలి. టిక్కే వినపడకపోతే 85, 86 వైపు.

పొద్దున్నే బ్యాటరీ డౌన్ అవుతోందా? 86కు తీసిన వైరు తాళంతో సంబంధం లేకుండా బ్యాటరీ నుంచే వచ్చి ఉండొచ్చు. దాన్ని మార్చండి. అది సరిగానే ఉంటే ఛార్జింగు చూడండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. రేస్ చేసినప్పుడు పద్నాలుగు అటూఇటూ రావాలి. అన్ని లైట్లూ వేసి రేస్ ఇచ్చినా 13 దాటకపోతే, బండి మోయలేనంత లోడు పెట్టినట్టు. 15 దాటితే రెగ్యులేటర్-రెక్టిఫైయర్ పాడైంది. కొత్త ఎల్‌ఈడీలు ఎన్ని పెట్టినా మాడిపోతాయి.

పాత వంద సీసీ బండ్లవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. వాటిలో చాలావాటికి హెడ్‌లైటు బ్యాటరీ మీద కాదు, నేరుగా కాయిల్ నుంచి వచ్చే ఏసీ మీద వెలుగుతుంది. ఆ వైరుకు ఎల్‌ఈడీ తగిలిస్తే వణుకుతుంది, కొన్నాళ్లకు చచ్చిపోతుంది. ఇక 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్లలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు (ఈసీయూ) వైర్ల జోలికి అసలు పోవద్దు. ఏ వైరు దేనిదో తెలియకుండా సూదితో పొడిచి చూడటం మానండి.

మనకు దారి కనపడాలని ఎదుటివాడి కళ్లు మూయించే హక్కు మనకు లేదు. లైట్లు కిందికి వంచి బిగించండి. స్విచ్చు బొటనవేలికి అందేచోట పెట్టి, ఎదురుగా బండి రాగానే ఈ లైట్లు ఆపండి. మిణుకు మిణుకుమనే ఫ్లాషర్లు వద్దే వద్దు.

మేస్త్రీలారా! రిలే, ఫ్యూజు అడగని గిరాకీకి కూడా అవి వేసి, ఆ డబ్బు అడిగి తీసుకోండి. బండి యజమానులారా! ఆ డబ్బు దగ్గర బేరం ఆడకండి. ఇప్పటికే లైట్లు బిగించుకున్నవాళ్లు ఈరోజే సీటు విప్పి బ్యాటరీ ప్లస్ దగ్గర ఫ్యూజు ఉందో లేదో చూడండి. లేకపోతే అది వేయించేదాకా ఆ లైట్ల వైరు బ్యాటరీ నుంచి విప్పి ఉంచండి. చదివాక ఈ కాగితాన్ని మీ మెకానిక్ చేతికివ్వండి.

ఇట్లు,
రాత్రి బండి నడిపేవాళ్లు, బండ్లు బాగుచేసేవాళ్లు