చదును ఒక్కటే చాలదు

షికాగో మారథాన్‌లో ఎత్తుపల్లాలు లేవు కాబట్టి మంచి టైమింగ్ ఖాయమని చాలామంది రన్నర్ల నమ్మకం. అది సగమే నిజం. 2023 అక్టోబర్‌లో, చల్లటి ఉదయాన, కెల్విన్ కిప్టమ్ అక్కడే 42.195 కిలోమీటర్లను 2 గంటల 35 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు సృష్టించాడు. 2007 అక్టోబర్‌లో అదే నగరంలో ఎండ 30 డిగ్రీలు దాటింది. విజేత పాట్రిక్ ఇవుటికే 2 గంటల 11 నిమిషాలు పట్టింది. నిర్వాహకులు పరుగును మధ్యలో ఆపేయడంతో వేలమంది గమ్యం చేరలేకపోయారు. వేడిలో ఒళ్లు చల్లబరచుకోవడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కండరాలకు అందేది తగ్గుతుంది, అదే వేగానికి గుండె మరింత కష్టపడుతుంది. మిషిగన్ సరస్సు మీది నుంచి ఎదురుగాలి వీస్తే ఆ భారం వేరే. పైగా చదును దారిలో మొదటి నుంచి చివరిదాకా అవే కండరాలు ఒకే తీరుగా పనిచేయాలి; దిగుడులో దొరికే కాస్త తెరిపి కూడా ఉండదు. అందుకే నెలల ముందు రాసుకున్న లక్ష్యాన్ని పట్టుకుని వేలాడొద్దు. ఆ ఉదయం ఎండనూ గాలినీ చూసి వేగం నిర్ణయించుకోండి. వేడి రోజున పది నిమిషాలు ఆలస్యంగా, క్షేమంగా గీత దాటడం ఓటమి కాదు, వివేకం.