ఎన్నిసార్లు చెప్పాలి, ‘ఏం కాదు’ అని?

‘పాలల్లో బల్లి పడలేదు కదా?’ అని పదకొండేళ్ల పిల్ల అడిగితే ‘పడలేదమ్మా, తాగు’ అంటాం. మళ్లీ అడిగితే గిన్నె వంచి చూపిస్తాం. ఇంకోసారి అడిగితే మనమే ఒక గుక్క తాగి చూపిస్తాం. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో పాలు కాగినంతసేపూ ఎవరో ఒకరు పొయ్యి దగ్గర కాపలా ఉండాలి, మూత మీద ఇంకో మూత పెట్టాలి, గ్లాసు పిల్ల కళ్లముందే కడగాలి. అన్నీ అయ్యాక అమ్మ ‘ఏం కాదు’ అనాలి. అది కూడా పిల్ల కోరిన గొంతుతో. విసుగు వినిపిస్తే ఆ మాట చెల్లదు, మొదటినుంచీ మళ్లీ చెప్పాలి.

కొన్ని ఇళ్లలో దీన్ని పిరికితనం అంటారు, కొన్నిళ్లలో గారాబం అంటారు. డాక్టర్లు ఓసీడీ అంటారు. వద్దన్నా మనసులోకి చొరబడి వదలని ఆలోచన ఒకటి, అది రేపే గుబులు తగ్గించుకోవడానికి చేసితీరాల్సిన పని ఇంకొకటి. ఈ రెండూ కలిసి రోజుకు గంటకు పైగా తినేస్తున్నా, బడికీ నిద్రకీ ఆటకీ అడ్డొస్తున్నా దాన్ని జబ్బుగానే చూడాలి. నూటికి ఒకరిద్దరు పిల్లల్లో ఉంటుందని అంచనా. పదేళ్ల ప్రాంతంలో బయటపడటం చాలా మామూలు. కొంత వంశపారంపర్యం కూడా ఉంది కాబట్టి, వీధి చివరిదాకా వెళ్లి తాళం లాగి చూడ్డానికి వెనక్కొచ్చే తండ్రులు పిల్లల మీద కేకలేసే ముందు కాస్త ఆగితే బాగుంటుంది.

ఈ జబ్బు విషయంలో తల్లిదండ్రులు చేసే తప్పు అనగానే అందరికీ తిట్టడం, కొట్టడం గుర్తొస్తాయి. అవి తప్పే, అందులో వాదన లేదు. నేను చెప్పదలుచుకున్నది రెండో తప్పు గురించి. అది ప్రేమలా ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టుకోరు. పిల్ల అడిగినన్నిసార్లు జవాబు చెప్పడం, తలుపు గొళ్లెం తను ముట్టుకోదని మనమే తీసిపెట్టడం, చుట్టాలొస్తే కుర్చీ ‘అంటు’ అవుతుందని వాళ్లను ఇంకో గదిలో కూర్చోబెట్టడం, సబ్బులు డజన్ల లెక్కన తెచ్చిపడేయడం. ఇల్లు మొత్తం జబ్బుకు చాకిరీ చేస్తుంటుంది. చేసేవాళ్లు మాత్రం పిల్లకు చేస్తున్నామనుకుంటారు.

విజయవాడ వాళ్లకు కాల్‌మనీ వడ్డీ అప్పుల సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. వడ్డీ కట్టిన రోజు గుమ్మం ముందు గొడవ ఉండదు. అసలు మాత్రం తీరదు, రేపటి వడ్డీ ఇంకాస్త పెరుగుతుంది. ఇక్కడా అంతే. అమ్మ ‘ఏం కాదు’ అన్న క్షణంలో పిల్ల గుండెదడ నిజంగానే తగ్గుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఆ మాట వల్లే గండం గడిచిందని పిల్ల మెదడు నేర్చుకుంటుంది. ఎవరూ ఏమీ అనకపోయినా ఆ భయం కాసేపటికి దానంతటదే దిగిపోయేదని నేర్చుకునే అవకాశం ఒక్కసారి కూడా రాదు.

మన ఇళ్లలో ఇది దాగడానికి చోట్లు ఎక్కువ. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోమని మనమే నేర్పుతాం. ఒకడు ఒకసారి అద్దుకుని పోతాడు. ఇంకొకడు సరిగ్గా అద్దుకోలేదేమోనని మళ్లీ అద్దుకుంటాడు, సరిసంఖ్య అయిందేమోనని ఇంకోసారి. చూసేవాళ్లకు అది భక్తి. ఆరో తరగతిలో అక్షరం గుండ్రంగా రాలేదని కాగితం చిల్లుపడేదాకా చెరిపి రాసే పిల్లాడి దస్తూరీని టీచరు క్లాసంతా తిప్పి చూపిస్తుంది. వాడు సోషల్ పరీక్షలో సగం ప్రశ్నలు వదిలేసి వచ్చినప్పుడు మాత్రం బద్ధకమంటుంది. ఇక మడి ఆచారం ఉన్న ఇంట్లో పిల్ల చేతులు కడుక్కోవడం ఎవరికి వింత? వేళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తురు కనిపించాక గానీ అనుమానం రాదు.

మడి కూడా ఓసీడీయేనా అని అడిగేవాళ్లుంటారు. కాదు. నానమ్మ స్నానం చేస్తుంది, మడిబట్ట కట్టుకుంటుంది, వంట చేసి నైవేద్యం పెడుతుంది, దాంతో అయిపోతుంది. ఆవిడకు అది చెర కాదు, చేసినందుకు తృప్తి. పిల్ల కడుగుడికి ముగింపు లేదు, తృప్తి అసలే లేదు. ఇదంతా అర్థం లేని పనని చాలాసార్లు ఆ పిల్లకే తెలుసు. తెలిసీ ఆపలేకపోవడమే దాని బాధ.

బయటికి కనిపించే కడుగుళ్లూ తాళాలూ నయం. నోరు విప్పి చెప్పలేని ఆలోచనలు ఇంకా ఘోరం. దేవుడి గదిలో కళ్లు మూసుకోగానే బూతుమాట మెదులుతుంది. కూరగాయల కత్తి చూస్తే చెల్లిని పొడిచేస్తానేమోనని భయం. పన్నెండో ఏడు దగ్గరపడేకొద్దీ ఒంటికి సంబంధించిన ఆలోచనలు కూడా తోడవుతాయి. ఇలాంటివి వచ్చే పిల్లలు దుర్మార్గులు కారు, తమకు ఏది అత్యంత అసహ్యమో సరిగ్గా అదే వాళ్లను పట్టుకుంటుంది. నెలల తరబడి దాచుకుని ఒక రాత్రి చెప్తే, ‘ఛీ, తప్పు, లెంపలేసుకో’ అంటాం. అంతే, మర్నాటినుంచి లెంపలేసుకోవడం కూడా ఆ పనుల పట్టీలో చేరుతుంది. ఆ రాత్రి అనాల్సింది చాలా చిన్న మాట: ‘ఇలాంటివి చాలామందికి వస్తాయి, నువ్వు చెప్పావు, మంచిదైంది.’ దానికి మించి తవ్వకూడదు, రుజువులు చూపకూడదు.

చికిత్స ఉంది, కొత్తదీ కాదు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఇద్దరు రోగులను వాళ్లు భయపడే వస్తువుల దగ్గరికే తీసుకెళ్లి, ఆ తర్వాత చేసే తంతును ఆస్పత్రిలో నర్సుల సాయంతో ఆపించాడు. ఇప్పుడు పిల్లలకు చేయించేది దానికి మెత్తని రూపం. భయాలకు పిల్లే సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తుంది, రెండు మార్కుల భయంతో మొదలుపెడతారు. ఫోన్‌లో బల్లి బొమ్మ చూడటం, తర్వాత అమ్మ కాపలా లేని పాలు తాగడం, తర్వాత అడగకుండా తాగడం. బల్లి పడలేదని నమ్మించడం ఇక్కడ గురి కాదు. పడిందో లేదో నూటికి నూరుపాళ్లు తెలియకుండానే అందరిలాగే గ్లాసు ఖాళీ చేయగలగాలి.

అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 112 మందితో 12 వారాలు జరిపిన పరీక్ష ఫలితాలు 2004లో వచ్చాయి. ఈ చికిత్సా, సెర్ట్రలీన్ మాత్రా రెండూ అందినవాళ్లలో 54 శాతం మంది దాదాపు లక్షణాలు లేని స్థితికి చేరారు. చికిత్స ఒక్కటే అయితే 39, మాత్ర ఒక్కటే అయితే 21, ఉత్తుత్తి మాత్రకు 4 శాతం లోపు. మాత్ర అనగానే ‘పిచ్చి మందులా’ అని జంకేవాళ్లు ఈ అంకెలు మరోసారి చూడాలి. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు మందు అవసరమవుతుంది. మొదటి వారాల్లో డాక్టరు దగ్గరగా కనిపెట్టి ఉండాలి, నయమైందని మనంతట మనం ఆపేయకూడదు. అలవాట్లు రాత్రికి రాత్రి ఊడిపడ్డట్టు మొదలై, దానికి ముందు గొంతునొప్పి, జ్వరం వచ్చి ఉంటే ఆ సంగతి పిల్లల డాక్టరుకు తప్పక చెప్పండి. స్ట్రెప్టోకాకస్ ఇన్‌ఫెక్షన్‌తో దీనికున్న సంబంధం మీద 1998 నుంచీ వైద్యుల్లో చర్చ నడుస్తోంది.

మన ఊళ్లలో కౌన్సెలింగ్ పేరుతో దొరికేది చాలావరకు హితబోధ. ధైర్యంగా ఉండు, ధ్యానం చెయ్యి, పాజిటివ్‌గా ఆలోచించు. గంటసేపు కూర్చోబెట్టి ‘ఏం కాదు’ అని చెప్పి ఫీజు తీసుకుంటే, అది కూడా అదే వడ్డీ. కాబట్టి మొహమాటపడకుండా ముందే అడగాలి: భయాన్ని మెట్లుమెట్లుగా ఎదుర్కొనేలా చేసి, తంతును ఆపించే పద్ధతి మీరు చేయిస్తారా? తల్లిదండ్రులతో కూడా పనిచేస్తారా?

రెండో ప్రశ్నకు కారణముంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలి లీబోవిట్జ్ బృందం ఆందోళన సమస్యలున్న 124 మంది పిల్లలను రెండు జట్లు చేసింది. ఒక జట్టులో పిల్లలు చికిత్సకు వచ్చారు. రెండో జట్టులో తల్లిదండ్రులే వచ్చి తమ తీరు మార్చుకోవడం నేర్చుకున్నారు, పిల్లలు రాలేదు. రెండు జట్ల ఫలితమూ సరిసమానంగా తేలింది. ఆ పరీక్ష ఓసీడీ మీద చేసింది కాదు. అయినా డాక్టరు దగ్గరికి రానని భీష్మించిన పన్నెండేళ్లవాడు ఇంట్లో ఉన్నవాళ్లకు అందులో పెద్ద ఊరట ఉంది.

ఇంట్లో ఈ మార్పు ఒక్కసారిగా చేస్తే అది క్రూరత్వమే అవుతుంది. రేపటినుంచి ఏ ప్రశ్నకూ జవాబు చెప్పనని ప్రకటించే తండ్రి మూడో రోజు అరుపులు భరించలేక మళ్లీ చెప్తాడు. గట్టిగా ఏడిస్తే జవాబు వస్తుందన్న పాఠం పిల్లకు అందుతుంది. ఒక్క పని ఎంచుకోండి. గొడవ లేని సాయంత్రం కూర్చోబెట్టి చెప్పండి: ‘పాల గురించి అడిగితే ఇకనుంచి ఒక్కసారే చెప్తాను. నీకు చాలా కష్టమవుతుందని తెలుసు, తట్టుకోగలవనీ తెలుసు.’ పిల్ల ఏం చేయాలో అందులో లేదు, మీరు ఏం చేస్తారో మాత్రమే ఉంది. మొదట్లో ఏడుపు పెరుగుతుంది, అలుగుతుంది, ‘నేనంటే నీకిష్టం లేదు’ అంటుంది. అమ్మ గట్టిగా నిలబడితే నానమ్మ వంటింట్లోంచి ‘ఏం పడలేదులేవే తల్లీ’ అనేస్తుంది. అందుకే ముందు ఒప్పించాల్సింది నానమ్మను. కొందరు పిల్లలు ఈ జబ్బుకు ఒక పేరు పెట్టుకుంటారు, ‘జిడ్డుగాడు’ లాంటిది. ‘ఇది నువ్వు అడుగుతున్నావా, జిడ్డుగాడు అడుగుతున్నాడా?’ అంటే ఇద్దరూ ఒక పక్షాన ఉన్నట్టు అనిపిస్తుంది. పేరు పిల్లే పెట్టాలి, మనం పెడితే వెక్కిరింత.

హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. సరైన మనిషి అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పట్టొచ్చు. ఈలోగా ఒక కాగితం తీసుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా ఈ జబ్బు కోసం ఇంట్లో ఎవరు, ఎప్పుడు, ఏం చేసిపెడుతున్నారో రాయండి. పిల్ల చేసేవి కాదు, పెద్దవాళ్లు చేసేవి. నానమ్మవి, డ్యూటీనుంచి వచ్చాక నాన్నవి కూడా. డాక్టరు ముందు ఆ కాగితం పెడితే, మానాల్సిన మొదటి పని ఏదో అందులోంచే ఎంచుకోవచ్చు.