రచనాకేంద్ర సంచాలకులకు దక్కని పీఠము

పరిశోధనము, బోధనము, సేవ యని విశ్వవిద్యాలయములు తమ అధ్యాపకుల కృషిని మూడు పద్దులుగా విభజించి లెక్కించుచుండును గాని, మూడవదానికి సభలలో లభించు మన్నన పదోన్నతి సంఘముల యెదుట లభింపదు. అమెరికాలో రైటింగ్ సెంటర్లను, అనగా విద్యార్థులకు వ్రాతలో తోడ్పడు రచనాకేంద్రములను, నడుపు సంచాలకుల జీవితకాల పరిశ్రమము చాలవఱకు ఆ మూడవ పద్దులోనే జమయగుచున్నది. ఇది అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

1970లో న్యూయార్కు నగర విశ్వవిద్యాలయము ఆ నగరపు ఉన్నత పాఠశాలలందు ఉత్తీర్ణులైన వారికెల్లరకును ప్రవేశము కల్పింపగా, వాక్యము కూర్చుటకే తడబడు విద్యార్థులు వేలకొలదిగ తరగతులలోనికి వచ్చిరి. వారి తప్పులలో సైతము ఒక తర్కము కలదని అచటి అధ్యాపకురాలు మినా షాఘ్నెస్సీ 1977లో ప్రకటించిన గ్రంథమున సోదాహరణముగ చూపెను. అంతకు ముందటి యేటనే ఇండియానా రాష్ట్రమందలి పర్డ్యూ విశ్వవిద్యాలయమున రైటింగ్ ల్యాబును నెలకొల్పిన మ్యూరియల్ హారిస్, ఇట్టి కేంద్రములవారి కొఱకు ఒక వార్తాపత్రికను సైతము స్థాపించి నడపెను. 1994 నుండి ఆ ల్యాబు పాఠములు అంతర్జాలమున ఉచితముగ లభించుచున్నవి. ఎమ్మెస్ చదువులకై వెళ్ళిన మన పిల్లలు పలువురు ఉల్లేఖన నియమములకై ఆ పుటలనే తెరచుచుందురు.

ఈ కేంద్రములలో సహాయకుడు కలము పట్టి దిద్దడు. విద్యార్థిచేతనే అతని చిత్తుప్రతిని బిగ్గరగా చదివించి, ఇచట నీవు చెప్పదలచినదేమని ప్రశ్నించును. ఆ ప్రశ్న వేయుట యెట్లో పై తరగతుల విద్యార్థులకు నేర్పుట, నిధులకై అధికారులను ప్రాధేయపడుట, ఆపై తమ తరగతులు తాము చెప్పుకొనుట సంచాలకుల వంతు. రచనాకేంద్రమును మరమ్మతు దుకాణముగ భావించు సహోద్యోగులపై స్టీఫెన్ నార్త్ 1984లో నిష్ఠురమాడుచు వ్యాసము వ్రాసెను గాని, ఆ భావన నేటికిని పూర్తిగ తొలగలేదు. సంచాలకులలో అనేకులు శాశ్వతాచార్యపదవికి దారితీయని కొలువులలో, కొందఱు ఏటేట పొడిగింపబడు ఒప్పందములపై, కాలము గడపుచున్నారు. (ఒక వ్యాసము అచ్చయినచో జీవితవివరణ పత్రమున ఒక పంక్తి దక్కును; వందలమంది వ్రాయనేర్చినచో ధన్యవాదములు దక్కును.)

సేవను తూచుటకు తగిన త్రాసు లేదని కొందఱందురు. శిక్షణ ప్రణాళికలను, సంభాషణల నమోదులను, విద్యార్థుల తొలిప్రతులను తుదిప్రతులతో సరిపోల్చి ఇతర విశ్వవిద్యాలయముల నిపుణులు పరీక్షింపరాదా? పరిశోధన పత్రములకు జరుగు పరీక్షయు అట్టిదే కదా!

మన విశ్వవిద్యాలయములు ఇట్టి కేంద్రములను స్థాపింపదలచినచో, సంచాలకుని తాత్కాలికోద్యోగిగ గాక శాశ్వతాచార్యునిగ నియమించి, ఆ పనిని పదోన్నతి నిబంధనలలో మొదటినాడే చేర్పవలెనని పాలకమండలులకు నా విన్నపము.