అరవై మంది, పన్నెండు మీటర్లు

ముందుగా ఒక మాట. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివినదాన్ని. తెలుగులో ఒక పేజీ రాయాలంటే నాకు కోడ్ రాసేదానికంటే ఎక్కువ టైమ్ పడుతుంది. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన క్లబ్ వాళ్ళు దిద్దుతారన్న ధైర్యంతో మొదలుపెట్టా. ఇందులో సగం బస్సులో టైప్ చేసిందే. నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని.

పోయిన సెమిస్టర్‌లో ఒక ల్యాబ్ ఇంటర్నల్ రోజు జరిగింది చెప్తా. మా ఇల్లు ప్రొద్దుటూరులో, కాలేజీ చాపాడు మండలంలో. మైదుకూరు రోడ్డు ఎక్కితే పొలాలు, గాలి, పది పదిహేను నిమిషాల్లో కాలేజీ. కష్టమంతా ఊరు దాటే వరకే. ఆ రోజు ఒక మలుపు దగ్గర బస్సు ఆగిపోయింది. ఒక అంగడి ముందర కారు పెట్టి ఎవరో లోపలికి పోయారు. ఎదురుగా మినీ లారీలోంచి మూటలు దించుతున్నారు. మధ్యలో మిగిలిన సందులో రెండు ఆటోలు ఎదురెదురుగా నిలబడ్డాయి. వాటి చుట్టూ బైకులు, గిన్నెలో పోసిన నీళ్ళలాగా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వచ్చేశాయి. అందరూ హారన్ కొడుతున్నారు, ఎవరూ కదలడం లేదు. ఇరవై రెండు నిమిషాలు. ఫోన్‌లో టైమ్ చూస్తూనే ఉన్నా కాబట్టి గుర్తుంది.

ల్యాబ్‌కి పోయేసరికి సగం టైమ్ అయిపోయింది. ప్రోగ్రామ్ పూర్తి కాలేదు, మార్కులు పోయాయి. బయటికి వచ్చాక క్లాస్‌మేట్ ఒకడు నవ్వుతూ అన్నాడు: "ఫ్రీ బస్సు కదా, అట్లనే వస్తాది." ఇంకొకడు అందుకున్నాడు: "ఫ్రీ అని మీరంతా ఎక్కేస్తే మేం యాడ నిలబడల్ల?"

నేను కూడా నవ్వా. ఏం చెప్పాలో తెలియకపోతే నవ్వడం నాకు అలవాటు. సాయంత్రం బస్సులో మాత్రం అదే మాట తిరుగుతూ ఉండింది. పొద్దున ఆ బస్సును ఆపింది ఎవరు? లోపల నిలబడిన మేమా, బయట అడ్డం నిలబడిన బండ్లా?

కంప్యూటర్ సైన్స్ వాళ్ళం కదా, వాదనకంటే ముందు లెక్క వేద్దాం. పెద్ద బస్సు పొడవు సుమారు పన్నెండు మీటర్లు. పొద్దున పూట దాంట్లో అరవై మంది ఉంటారు. ఇదే అరవై మంది కార్లలో పోతే? కారుకు ఒకరిద్దరే ఉంటారు, ఒకటిన్నర అనుకుందాం. నలభై కార్లు. ఒక్కో కారుకు నాలుగు మీటర్లు, ముందరి కారుతో రెండు మీటర్ల దూరం. మొత్తం 240 మీటర్ల వరుస. సరే, మన ఊర్లో కార్లకంటే బైకులే ఎక్కువ కదా అంటారు. నలభై బైకులు, ఇద్దరిద్దరు పక్కపక్కన పోతారు, వరుసకు మూడు మీటర్లు అనుకున్నా అరవై మీటర్లు. బస్సుకు పన్నెండు, బైకులకు అరవై, కార్లకు 240. ఇది ఏ రీసెర్చ్ పేపర్ నుంచీ తెచ్చింది కాదు, నా నోట్‌బుక్ చివరి పేజీలో వేసింది. మీరు కూడా మీ అంకెలు పెట్టి చూడండి. అటూ ఇటూ అవుతుంది గానీ వరస మారదు.

మరి మనం "రద్దీ" అని దేన్ని అంటున్నాం? పన్నెండు మీటర్లలో సర్దుకున్న అరవై మందిని. 240 మీటర్లు తీసుకున్నవాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అనరు. పైగా "పాపం, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు" అంటాం. నేను చెప్పాలనుకున్నది ఇదే. మన రోడ్లను నింపుతున్నది మనుషులు కాదు, మనుషుల చుట్టూ ఉన్న ఖాళీ సీట్లు.

నమ్మకం కుదరకపోతే మన దసరా గుర్తు తెచ్చుకోండి. తొట్టిమెరవణి రాత్రి ప్రొద్దుటూరు బజారులో ఎంత జనం ఉంటారో మీకు చెప్పాల్సిన పని లేదు. చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడే ఉంటాయి. చంటిపిల్లలు భుజాల మీద, అవ్వలు చేతులు పట్టుకుని. అయినా ఆ జనం కదులుతుంది. మెల్లగా, కానీ కదులుతుంది. అదే వీధిలో మామూలు మంగళవారం పొద్దున జనం అందులో పదో వంతు కూడా ఉండరు, అయినా ఊపిరాడదు. తేడా ఏంటంటే ఆ రాత్రి బండ్లు రానివ్వరు.

మన ఊరి వీధుల తప్పేం లేదు. ప్రొద్దుటూరు మునిసిపాలిటీ అయింది 1915లో. బంగారం, పత్తి వ్యాపారంతో రెండో బొంబాయి అని పేరు తెచ్చుకున్న ఊరు. పాత బజారు వీధులు నడిచేవాళ్ళ కోసం, ఎద్దుల బండ్ల కోసం ఏర్పడినవి. 2011 జనాభా లెక్కల్లోనే లక్షా అరవై వేలు దాటిన ఊరు ఇది. ఆ వీధులను ఇప్పుడు వెడల్పు చేయాలంటే ఎవరో ఒకరి ఇల్లో అంగడో కొట్టాలి. కొట్టినా రెండేళ్ళలో ఆ వెడల్పులో కార్లు పార్క్ చేస్తారు.

ఆ రోజు మలుపు దగ్గర జరిగింది చూస్తే నాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసు గుర్తొచ్చింది. డెడ్‌లాక్ రావాలంటే నాలుగు షరతులు ఒకేసారి కలవాలని 1971లో కాఫ్‌మన్, ఇంకో ఇద్దరు కలిసి రాశారు. ఒక వనరును ఒకరే వాడగలగాలి. ఉన్నది వదలకుండా ఇంకోదాని కోసం కాచుకోవాలి. చేతిలోది ఎవరూ బలవంతంగా లాక్కోకూడదు. ఒకరి కోసం ఒకరు గుండ్రంగా ఎదురుచూడాలి. పుస్తకాల్లో బొమ్మ కూడా కూడలిలో ఇరుక్కున్న కార్లదే వేస్తారు. పరీక్షలో నాలుగు మార్కులకు రాసేసి మర్చిపోయే ఆన్సర్ ఇది. కానీ అందులో మంచి మాట ఒకటుంది. ఆ నాలుగులో ఏ ఒక్కటి తప్పించినా డెడ్‌లాక్ ఉండదు.

ఆ రోజు తప్పించింది ఎవరో తెలుసా? పక్కన టీ అంగడి ఆయన. గ్లాసులు కడుగుతున్నవాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అబ్బీ, నువ్వు రెండడుగులు ఎనక్కి పో. నువ్వు పోతేనే ఆయప్ప కదుల్తాడు" అని ఒక బైకు అబ్బాయిని వెనక్కి పంపాడు. అంతే. మూడు నిమిషాల్లో అంతా విడిపోయింది. ఇరవై రెండు నిమిషాలు అక్కడ లేనిది రోడ్డు కాదు, వెనక్కి తగ్గే ఒక్క మనిషి.

ఇదంతా చిన్న ఊరి గొడవ, పెద్ద సిటీకి పోతే అన్నీ బాగుంటాయి అని మనలో చాలామంది అనుకుంటాం. ప్లేస్‌మెంట్ అంటే మనకు బెంగళూరు, హైదరాబాదే కదా. 2025 మేలో సెలవులకు బెంగళూరులో ఉన్న మా పెద్దనాయన కూతురు దగ్గరికి పోయి పది రోజులున్నా. అక్క మారతహళ్ళిలో పీజీలో ఉంటుంది. కింద ఆంధ్రా మెస్, పక్కన ఇంకో ఆంధ్రా మెస్. ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో. పోను రాను మూడున్నర గంటలు. నెలకు ఇరవై రెండు రోజులు లెక్కేస్తే 77 గంటలు, అంటే నెలలో మూడు రోజులకు పైగా పగలూ రాత్రీ రోడ్డు మీదే.

ఒకరోజు తనతో పాటు పోయా. సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా కార్లే, ఎక్కువ వాటిలో ఒక్కరే. నాకేమో వీడియో తీయాలనిపించింది. అక్క కళ్ళు మూసుకుని ఉండింది. నిద్రపోయిందేమో అనుకున్నా. "నిద్ర కాదు మ్మే, చూస్తే ఏడుపొస్తాది, అందుకే" అంది. మా ఇంట్లో వాళ్ళకు అక్క జీతం ఎంతో తెలుసు. ఈ 77 గంటల సంగతి ఎవరికీ తెలియదు. ప్యాకేజీ ఎంత అని అడిగేవాళ్ళు ప్రయాణం ఎంత అని అడగరు. జాబ్ ఆఫర్ లెటర్‌లో ఆ లైన్ ఉండదు కాబట్టి అది జీవితంలో లేదనుకుంటాం.

ఆ ఆగస్టు 10న బెంగళూరులో ఆర్‌వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా మెట్రో యెల్లో లైన్ మొదలైంది. సిల్క్ బోర్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ఆ దారిలోనే ఉన్నాయి. ఇప్పుడు అక్క సగం దారి బస్సులో, సగం మెట్రోలో పోతుంది. "పూటకు నలభై నిమిషాలు మిగుల్తాండాది" అని ఫోన్ చేసి చెప్పింది, మొదటి జీతం వచ్చినప్పుడు చెప్పినంత సంతోషంగా. రోడ్డు వెడల్పు కాలేదు. కొంతమంది ఒకే బండిలోకి సర్దుకున్నారు, అంతే.

ఇప్పుడు ఆ ఫ్రీ బస్సు మాటకు వస్తా. కర్ణాటకలో 2023 జూన్ 11న, తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పేరుతో 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. అప్పటి నుంచి బస్సులో నిలబడే చోటు కూడా లేదన్నది నిజమే, రోజూ నిలబడేదాన్ని నేనే. కానీ ఈ ఆడవాళ్ళు కొత్తగా ఆకాశంలోంచి దిగలేదు. నా పక్కన నిలబడే ఒక అవ్వను అడిగా, ఇంతకుముందు ఎట్ల పోతాంటివి అని. "ఆటోలో మ్మా, డ్రైవర్ పక్కన ఒక కాలు బయట పెట్టుకోని" అంది. షేర్ ఆటోలో పన్నెండు మంది కూర్చున్నప్పుడు దాన్ని ఎవరూ రద్దీ అనలేదు. డబ్బుల్లేక ఆస్పత్రికి పోకుండా ఇంట్లోనే ఉండిపోయినప్పుడు అస్సలు అనలేదు. రద్దీ అప్పుడూ ఉంది. ఇప్పుడు అది మన పక్కన నిలబడింది కాబట్టి కనిపిస్తోంది.

మగపిల్లలు నిలబడాల్సి వస్తోందన్న మాట అబద్ధం కాదు. అయితే ఆ కోపం పోవాల్సింది పక్కన నిలబడ్డ అవ్వ మీదికి కాదు. టికెట్ తీసేయడం సగం పనే. ఎక్కేవాళ్ళకు తగినట్టు బస్సులు పెరగడం, ఆ బస్సు కదలడానికి దారి ఉండడం మిగిలిన సగం. కొలంబియాలో బొగోటా అనే నగరానికి మేయర్‌గా చేసిన ఎన్రిక్ పెన్యలోసా వాదన ఒకటి నాకు చాలా నచ్చింది. పౌరులంతా సమానమైతే, ఎనభై మంది ఉన్న బస్సుకు ఒక్కరున్న కారుకంటే ఎనభై రెట్లు రోడ్డు మీద హక్కు ఉండాలి అంటాడాయన. 2000లో అక్కడ బస్సులకే వేరే దారి వదిలి ట్రాన్స్‌మిలేనియో మొదలుపెట్టారు. మన బజారులో బస్సుకు వేరే లేన్ ఇచ్చేంత చోటు లేదు. కానీ పొద్దున ఎనిమిది నుంచి పది దాకా బస్సు పోయే దారిలో కారు ఆపకూడదు, లోడు దించకూడదు అనడానికి చోటు అక్కర్లేదు.

ఇంత రాశాక ఒక నిజం చెప్పకపోతే మోసం చేసినట్టు ఉంటుంది. మార్కులు పోయిన రోజు రాత్రి మా నాయన, "స్కూటీ తీసిస్తా పాపా, కంతుల్లో కట్టుకుందాం" అన్నాడు. నాయన బంగారు అంగట్లో గుమాస్తా. కంతులు అంటే ఆయన చేసే ఇంకో రెండు గంటల పని అని నాకు తెలుసు. అయినా వద్దు అని వెంటనే అనలేకపోయా. ల్యాబ్ అయిపోయేసరికి సాయంత్రం అవుతుంది, చలికాలం తొందరగా చీకటి పడుతుంది, నిండిపోయిన బస్సు ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. స్కూటీ ఉంటే నా టైమ్ నా చేతిలో ఉంటుంది. కానీ నేను కొంటే రేపు ఆ మలుపు దగ్గర సందులో దూరే ఇంకో బండి నాదే. నాలాగా ప్రతి ఇంట్లో ఒక నాయన ఇదే ఆలోచిస్తాడు, ఎవరి లెక్క వాళ్ళకు కరెక్టే. అందరి లెక్కలు కలిపితే ఊరు ఆగిపోతుంది. ఇది కూడా డెడ్‌లాకే.

ఒక సెమిస్టర్ ఆగుదాం నాయనా అని చెప్పా. ఈ సెమిస్టర్‌లో నేను చేయగలిగింది ఒకటుంది, దానికి మీ సాయం కావాలి. మనలో ఎవరు ఏ స్టాప్‌లో ఎన్ని గంటలకు ఎక్కుతారు, సాయంత్రం ఎన్నింటికి దిగుతారు అని ఒక ఫారమ్ తయారుచేస్తున్నా. ఐదు ప్రశ్నలే. ఆ లెక్క పట్టుకుని డిపోకు పోతే ఏ టైమ్‌కి ఇంకో బస్సు కావాలో చూపించి అడగొచ్చు. అన్ని బ్రాంచీలను ఒకే నిమిషంలో వదలకుండా పావుగంట తేడాతో వదలమని మన కాలేజీని కూడా అడగొచ్చు. ఇస్తారో లేదో తెలియదు. అంకెలు లేకుండా అడిగితే మాత్రం ఇవ్వరు.

నా లెక్కలో తప్పుంటే వచ్చే సంచికకు రాయండి, సంతోషంగా చదువుతా. ఆ రోజు ఫ్రీ బస్సు అని నవ్విన ఇద్దరూ కూడా ఫారమ్ నింపండి. మీకు కూడా కూర్చునే సీటు కావాలనే అడుగుతున్నా.