దారి మార్చేవారు చెప్పవలసిన మాట

ఉద్యోగంలో చేరి అయిదారేళ్లు గడిచిన తరువాత, మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలలో చేరి మరొక రంగానికి వెళ్లదలచుకొన్న యువ సహోద్యోగుల నుండి మన ‘వృత్తిపథం’ శీర్షికకు తరచుగా ఒకే ప్రశ్న వస్తున్నది. ‘‘దరఖాస్తుతో పాటు వ్యాసం వ్రాయమంటున్నారు. చేస్తున్న పని విడిచి వేరొక దారిలోకి ఎందుకు వెళుతున్నానో అందులో ఎలా చెప్పాలి?’’ అన్నదే ఆ ప్రశ్న. దీనికి సరియైన సమాధానం నాకు ఏ పుస్తకంలోను కనిపించలేదు. ఖరగ్‌పూర్‌లోని న్యూ సెటిల్‌మెంట్‌లో, ఒక రైల్వే క్వార్టర్ వరండాలో దొరికింది.

నేను పుట్టి పెరిగినది ఆ ఊరిలోనే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకొని వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడి రైల్వే కర్మాగారాన్ని నమ్ముకొని స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి నిర్ణయించినదంటే, ఆ నిర్ణయానికి ఖరగ్‌పూర్‌లోని మనవారి సంఖ్యాబలమే ఆధారం. తాత ఫిట్టరు, తండ్రి ఫిట్టరు, కుమారుడు అప్రెంటిస్. ఇది అక్కడి ఇళ్లలో గర్వంగా చెప్పుకొనే వంశచరిత్ర. అటువంటి చోట స్థిరమైన ఉద్యోగం వదులుకోవడం సాహసమని ఎవరూ అనరు. తిన్నది అరగక చేసే పని అంటారు.

నిరుడు దసరా సెలవులలో అక్కడికి వెళ్లినప్పుడు నా బాల్యమిత్రుని చిన్న కుమారుడు కొన్ని కాగితాలు తెచ్చి, ‘‘బాబాయిగారూ, ఒకసారి చూసి చెప్పండి’’ అని నా చేతికిచ్చాడు. అతడు మెకానికల్ ఇంజనీరు. మన వంటి ప్రభుత్వ రంగ సంస్థలోనే మెయింటెనెన్స్ విభాగంలో ఆరేళ్ల అనుభవం ఉన్నది. ఒక సంవత్సరపు మేనేజ్‌మెంట్ కోర్సుకు దరఖాస్తు చేస్తున్నాడు.

వ్యాసం చదివాను. భాషలో దోషం లేదు. కాని అందులో మనిషి లేడు. మొదటి పేరాలో నాయకత్వం, రెండవ పేరాలో ప్రపంచీకరణ, మూడవ పేరాలో సవాళ్లు. నాలుగవ పేరాలో మాత్రం కొంచెం నిజం తొంగిచూసింది. ఆరేళ్లుగా అదే పని అనీ, పదోన్నతికి సీనియారిటీయే కొలమానమనీ, ఇక్కడ ఎదుగుదల లేదనీ వ్రాశాడు. అది నిజమే కావచ్చు. అయితే అది బయలుదేరడానికి కారణం మాత్రమే. ఎక్కడికి, ఎందుకు అన్న మాట అందులో ఎక్కడా లేదు.

నేనేమీ అనకముందే పక్కన కూర్చొన్న తండ్రి అడిగాడు. ఆయన వ్యాగన్ షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయి, ఇప్పుడు పెద్ద కుమారుని క్వార్టర్‌లో ఉంటున్నాడు. ‘‘ఒరే, ఈ ఉద్యోగానికి ఏటయిందిరా? నెల తిరిగేసరికి జీతం వస్తోంది గదా. ఎందుకొగ్గేస్తానంటన్నావు?’’

కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. తండ్రి ముందు నాయకత్వం, ప్రపంచీకరణ అన్న మాటలు నోట రాలేదు. చివరకు 2021 వేసవి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నం ఉక్కు కర్మాగారం నుండి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లతో మహారాష్ట్రకు బయలుదేరిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అదే రోజులలో అతడు పనిచేసే యూనిట్‌లో కూడా ఆక్సిజన్ నింపే పంపులు నిరంతరం నడిచేలా చూసే బాధ్యత అతనిపై పడింది. పంపులు ఆగలేదు. నిల్వ ట్యాంకులో సరుకు ఉన్నది. నింపుకొని వెళ్లడానికి ట్యాంకరు లేదు. ఒక రాత్రి రావలసిన ట్యాంకరు ఎక్కడున్నదో చెప్పగలవారు లేక, ఆసుపత్రి వారి ఫోనుకు అతడే సమాధానం చెప్పవలసి వచ్చిందట. ‘‘నా యంత్రం బాగానే ఉంది నాన్నా. అయినా అవతల మనిషికి గాలి అందలేదు’’ అన్నాడు.

తండ్రి కొంతసేపు ఊరుకొని, ‘‘అంటే సరుకుంది, బండి లేదు. యాగన్ సిక్ లైన్లో పడుంటే గొడౌన్ నిండా సరుకున్నా ఒకటే, నేకపోయినా ఒకటే. అది బాగుచేసే చదువా నువ్వు చదవాలంటన్నది?’’ అన్నాడు. కుమారుడు తల ఊపాడు. ‘‘మరి ఆ ముక్క రాయవేటి?’’ అన్నాడు తండ్రి.

నేను చెప్పవలసినదంతా ఆయన చెప్పేశాడు. ఆ మాటను పాఠకుల సౌకర్యం కోసం కొంత విడమరచి వ్రాస్తాను.

దారి మారుస్తున్న అభ్యర్థి వ్యాసంలో పరిశీలకులు వెదికేవి ముఖ్యంగా నాలుగు. మొదటిది, పాత పని నుండి కొత్త పనికి మీరు తీసుకొని వెళ్లేది ఏమిటి? మెయింటెనెన్స్ ఇంజనీరుకు షట్‌డౌన్ ప్రణాళిక తెలుసు. ఏ విడిభాగం ఎన్ని నిల్వ ఉంచాలో తెలుసు. ఒక పంపు ఆగితే దాని వెనుక ఏవేవి ఆగుతాయో తెలుసు. ఆసుపత్రుల సరఫరా వ్యవస్థకు కావలసిన ఆలోచన కూడా ఇటువంటిదే. కనుక పాత పనిని చులకన చేసి వ్రాయడం నైతికంగానే కాదు, ప్రయోజనం దృష్ట్యా కూడా పొరపాటు. మీ చేతిలోని పెట్టుబడి అదే.

రెండవది, మనసు మళ్లిన సందర్భం. ‘ఆసక్తి కలిగింది’ అని వ్రాస్తే చాలదు. ఏ రోజు, ఏ పనిలో, ఏమి చూసి కలిగిందో చెప్పాలి. మూడవది, ఉద్యోగం మారితే సరిపోదా, చదువు ఎందుకు అన్న ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే మీకు తెలియనిది ఏమిటో ఒప్పుకోవాలి. మన కుర్రవాడు యంత్రం తెలుసుననీ, రవాణా ఒప్పందాలు, వ్యయగణన, గిరాకీని ముందుగా అంచనా వేయడం తెలియవనీ వ్రాశాడు. తెలియదని వ్రాస్తే తక్కువగా చూస్తారని మొదట భయపడ్డాడు. అన్నీ తెలిసినవానికి తరగతి గదిలో చోటెందుకు? నాలుగవది, ఇప్పుడే ఎందుకు, ఆ సంస్థలోనే ఎందుకు? సంస్థ పేరు మార్చి ఏ దరఖాస్తులోనైనా అతికించగల పేరాను నిర్దాక్షిణ్యంగా కొట్టివేయండి.

లక్ష్యం చెప్పేటప్పుడు దగ్గరి మెట్టు, దూరపు మెట్టు వేరుచేసి చూపాలి. చదువు ముగియగానే ఒక ఆసుపత్రి సముదాయపు కొనుగోలు, సరఫరా విభాగంలో చేరడం అతని దగ్గరి మెట్టు. జిల్లా ఆసుపత్రులకు అత్యవసర నిల్వల వ్యవస్థ నిర్మించడం దూరపు మెట్టు. మొదటిది లేకుండా రెండవది చెబితే పగటికల. రెండవది లేకుండా మొదటిది చెబితే మరొక ఉద్యోగ దరఖాస్తు.

అన్ని సంస్థల పద్ధతీ ఒకటి కాదని గమనించాలి. మన ఐఐఎంల రెండేళ్ల కోర్సులకు క్యాట్ మార్కులు ముఖ్యం. వ్యాసరచన, ఇంటర్వ్యూ తరువాత వస్తాయి. 2001లో హైదరాబాదులో ఆరంభమైన ఐఎస్‌బి, 2006లో అహ్మదాబాదు ఐఐఎం మొదలుపెట్టిన పీజీపీఎక్స్ వంటి ఏడాది కోర్సులు అనుభవం గలవారి కోసం ఏర్పడినవి కనుక అక్కడ మీ కథకు బరువు ఎక్కువ. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వారు మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఏది, ఎందుకు అని చాలాకాలంగా అడుగుతున్నారు. హార్వర్డ్ వారు 2024లో ఒకే పెద్ద వ్యాసానికి బదులు మూడు చిన్న వ్యాసాలు ప్రవేశపెట్టారు. ప్రశ్న ఏ రూపంలో వచ్చినా వారు తెలుసుకోదలచినది మాత్రం వరండాలో తండ్రి అడిగినదే.

దారి మార్చడం తప్పు కాదనడానికి ఖరగ్‌పూర్ చరిత్రే సాక్ష్యం. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, బరంపురంలో న్యాయవాదిగా ఉన్న వరాహగిరి వేంకటగిరి కార్మికోద్యమంలోకి మళ్లారు. 1927-28 కాలంలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల తొలగింపుకు వ్యతిరేకంగా జరిగిన పోరాటంలో వారి పక్షాన నిలిచారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఊరి అంచున, పూర్వపు హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో ఆరంభమైన ఐఐటిలో లోహశాస్త్రం చదివిన సుందర్ పిచాయ్ 1993లో పట్టభద్రుడై, 2002లో వార్టన్‌లో ఎంబీఏ పూర్తిచేసి, 2015లో గూగుల్ సారథి అయ్యారు. ఖరగ్‌పూర్ స్టేషన్‌లో 2001 నుండి 2003 వరకు టికెట్ తనిఖీ ఉద్యోగం చేసిన మహేంద్రసింగ్ ధోని సంగతి చెప్పనక్కరలేదు. వీరి దారులు వేరు. పాత జీవితంలో నేర్చినదానిని పారవేయకుండా వెంట తీసుకొని వెళ్లడం మాత్రం గమనించదగినది. గిరిగారి న్యాయవాద పటిమ కార్మికులకే ఉపయోగపడింది.

మన వంటి సంస్థలవారు మరి రెండు విషయాలు మరువరాదు. దరఖాస్తుకు ముందే అనుమతి, నిరభ్యంతర పత్రం, చదువు సెలవు, బాండు షరతుల గురించి పర్సనల్ విభాగంలో వ్రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇక సిఫారసు లేఖ. మన పై అధికారులకు వార్షిక నివేదిక వ్రాయడం అలవాటే కాని, ఇటువంటి లేఖ కొత్త. మీ వ్యాసం నకలు ముందుగా వారికి ఇచ్చి, మీరు చేసిన రెండు మూడు పనులను గుర్తుచేయండి. వ్యాసం ఒకటి చెప్పి, లేఖ మరొకటి చెబితే రెండింటి విలువా పోతుంది.

ఒక సొంత అనుభవం కూడా చెప్పుకోవాలి. 1994లో నేనూ ఒక సంస్థకు ఇటువంటి వ్యాసం పంపాను. గ్రామీణ పరిశ్రమలు స్థాపించడమే నా ఆశయమని వ్రాశాను. మిత్రుని వ్యాసంలో ఆ వాక్యం బాగున్నదనిపించి తీసుకొన్నాను. ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి మర్యాదగా, ‘‘మీరు చివరిసారి చూసిన గ్రామీణ పరిశ్రమ ఏది?’’ అని అడిగారు. నా వద్ద జవాబు లేదు. సీటు రానందుకు నేను విచారించలేదు. ఈ సంస్థలో గడిపిన ఏళ్లు నాకు తృప్తినే ఇచ్చాయి. ఆ గదిలో మౌనంగా కూర్చొన్న ఆ నిమిషం మాత్రం ఇప్పటికీ గుచ్చుకొంటుంది.

మన కుర్రవాడు వ్యాసాన్ని మొదటి నుండి మళ్లీ వ్రాశాడు. ఒక సంస్థ తిరస్కరించింది. మరొక సంస్థ ఇంటర్వ్యూకు పిలిచి, ఇంత స్థిరమైన ఉద్యోగం ఎందుకు వదులుతున్నారని అడిగింది. ఆ ప్రశ్నకు అతడు అప్పటికే ఇంట్లో జవాబు చెప్పి ఉన్నాడు. సీటు వచ్చింది. ఫీజు ముప్పై లక్షలకు పైమాటే. బ్యాంకు రుణం పోగా మిగిలినది తండ్రి తన రిటైర్మెంట్ సొమ్ము నుండి ఇచ్చాడు. ఆ సంగతి వింటే నాకు కొంచెం భయమే వేసింది. ఆయన మాత్రం, ‘‘దేనికిస్తన్నానో నాకు తెలుసు’’ అన్నాడు.

కాబట్టి యువ మిత్రులారా, వ్యాసం వ్రాసే ముందు మీ ఇంట్లో మీ ఉద్యోగాన్ని చూసి గర్వపడే వ్యక్తి ఎదుట కూర్చోండి. ఇంగ్లీషు మాటలు పక్కనపెట్టి, ఎందుకు వెళ్లదలచారో చెప్పండి. వారికి అర్థమైతే అదే వ్రాయండి. చెబుతూ చెబుతూ మీకే అది నిజం కాదని తోచిందా, దరఖాస్తు మడిచి పెట్టి మరునాడు డ్యూటీకి వెళ్లండి. అందులో చిన్నతనమేమీ లేదు.