జిల్లా కేంద్రం ఎక్కడో చట్టమే చెప్పాలి

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. లోక్‌సభ నియోజకవర్గమే ప్రాతిపదిక అన్న ప్రభుత్వం రాజంపేటను కాదని రాయచోటిని, హిందూపురాన్ని కాదని పుట్టపర్తిని, నరసాపురాన్ని కాదని భీమవరాన్ని జిల్లా కేంద్రాలు చేసింది. కాదనిపించుకున్న ఊళ్లలో జనం రోడ్డెక్కారు. నాలుగేళ్లు తిరక్కుండానే అన్నమయ్య జిల్లా కేంద్రం రాయచోటి నుంచి మదనపల్లెకు మారింది. ప్రభుత్వం మారితే కలెక్టరేట్ కూడా మారే పరిస్థితి ఎందుకొచ్చింది?

సమాధానం 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టంలో ఉంది. మూడో సెక్షన్ కింద ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు తీసుకుని, తుది నోటిఫికేషన్ జారీచేస్తే పని పూర్తయినట్టే. శాసనసభ ఆమోదం అక్కర్లేదు. రాష్ట్ర విభజన తరవాత తెలంగాణకూ ఇదే చట్టం సంక్రమించింది.

కోర్టుకెళ్తే న్యాయం దొరుకుతుందా అంటే, ఆ దారి ఎంత ఇరుకో 1988లోనే తేలిపోయింది. 1985లో మండలాలు ఏర్పడినప్పుడు కేంద్రాల ఎంపికపై పెద్ద సంఖ్యలో పిటిషన్లు పడ్డాయి. మార్గదర్శకాలను పాటించలేదంటూ హైకోర్టు కొన్ని నోటిఫికేషన్లను కొట్టేసింది. జె.ఆర్. రఘుపతి కేసులో సుప్రీంకోర్టు అందుకు ఒప్పుకోలేదు. కేంద్రం ఎక్కడుండాలన్నది ప్రభుత్వం తేల్చాల్సిన విషయమనీ, ఆ మార్గదర్శకాలు కలెక్టర్లకిచ్చిన శాఖాపరమైన సూచనలే తప్ప చట్టబలం ఉన్నవి కావనీ స్పష్టం చేసింది. ఊరిని ఎంపిక చేయడం న్యాయమూర్తుల పని కాదన్న మాటతో మాకూ పేచీ లేదు. ఎన్నికైన ప్రభుత్వమే ఆ బాధ్యత మోయాలి. అయితే అది పెట్టుకున్న కొలమానాన్ని అదే పక్కన పెట్టినప్పుడు అడిగే హక్కు పౌరుడికి లేకపోవడం అన్యాయం.

చట్టంలో దారి లేకపోతే జనం వీధిలో వెతుక్కుంటారు. 2016లో తెలంగాణ ముసాయిదాలో లేని జనగామ, గద్వాల, సిరిసిల్ల ఆందోళనలు చేశాకే జిల్లా కేంద్రాలయ్యాయి. గొంతు పెద్దదైన ఊరికి ఆఫీసులు దక్కి, గొంతులేని ఊరికి దూరాభారం మిగలడం పాలన అనిపించుకోదు. కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒక్క అర్జీ ఇవ్వడానికి రెండు బస్సులు మారే కూలీకి ఒక రోజు కూలి పోతుంది. కేంద్రం వస్తుందన్న ఊళ్లో భూముల ధరలు పెరుగుతాయి, పోయిన ఊళ్లో అప్పుచేసి కట్టిన గదులకు అద్దెలు రావు. ఇంత నష్టం తెచ్చే నిర్ణయానికి రాతపూర్వకమైన కారణాలైనా చూపకపోతే ఎలా?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం 1851 నాటి రాజ్యాంగంలోనే దీనికి కట్టుబాటు పెట్టుకుంది. మన జిల్లాలాంటి కౌంటీ కేంద్రాన్ని తరలించే చట్టం శాసనసభలో నెగ్గినా, ఆ కౌంటీలో పోలైన ఓట్లలో మెజారిటీ దక్కితేనే అమల్లోకి వస్తుంది. మహోనింగ్ కౌంటీ కేంద్రం కాన్‌ఫీల్డ్ నుంచి యంగ్స్‌టౌన్‌కు 1876లో అలాగే మారింది. కాన్‌ఫీల్డ్ వాసుల వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి వీగిపోయింది. ఒక సభ తన తరవాతి సభల చేతులు కట్టేయలేదని ఆ కోర్టు చెప్పింది. అంటే కేంద్రాన్ని మార్చే అధికారం ఉండాల్సిందే. ఆ అధికారం ప్రజల ముందు పరీక్షకు నిలవాలి.

మన దగ్గర ప్రతి మార్పుకూ ఓటింగ్ పెట్టమని మేం అడగడం లేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ 1974 చట్టాన్ని సవరించాలి. దూరం, రవాణా, జనాభా, నీటివసతి, ప్రభుత్వ భూమి వంటి కొలమానాలను చట్టంలోనే రాయాలి. వచ్చిన అభ్యంతరాలనూ, వాటిని ఆమోదించిన లేదా తోసిపుచ్చిన కారణాలనూ ప్రచురించాలి. ఒకసారి ప్రకటించిన కేంద్రాన్ని మార్చాలంటే శాసనసభలో చర్చ, ఆమోదం తప్పనిసరి చేయాలి. సవరణ బిల్లును వచ్చే సమావేశాల్లోనే సభ ముందు పెట్టాలి. అధికార, ప్రతిపక్షాలు రెండూ దాన్ని బలపరచాలి.