వేరు చుట్టూ విందు

నిజామాబాద్ మార్కెట్ యార్డులో రాశులు పోసిన పసుపు కొమ్ముల్ని చూస్తే రైతు కష్టం గుర్తొస్తుంది. అవి మట్టిలో ఉన్నన్నాళ్లూ వాటి చుట్టూ జరిగిన పోరు మాత్రం మన కంటికి కనిపించదు.

మొక్క ఎండలో వండుకున్న చక్కెరలో కొంత వేళ్ల ద్వారా మట్టిలోకి వదులుతుంది. అంటే వేరు చుట్టూ నిత్యం అన్నదానమే! ఆ విందుకు సూక్ష్మజీవులు గ్రాము మట్టిలోనే కోట్ల సంఖ్యలో వచ్చి చేరతాయి. ఈ చోటుకు 1904లో జర్మన్ శాస్త్రవేత్త లోరెంజ్ హిల్ట్‌నర్ ‘రైజోస్ఫియర్’ అని పేరు పెట్టారు.

వచ్చినవాళ్లందరూ మంచివాళ్లు కారు. వానాకాలంలో నీరు నిలిచిన పసుపు చేలో పిథియం అనే నీటి బూజు చొరబడితే దుంపకుళ్లు వస్తుంది. ఆకులు అంచుల నుంచి ఎండుతాయి. పట్టి లాగితే మొక్క సులువుగా చేతికొచ్చేస్తుంది. నెలల తరబడి పెట్టిన పెట్టుబడి మట్టిలోనే కుళ్లిపోతుంది.

దీన్ని అడ్డుకోగల బ్యాక్టీరియాల్లో ఒకటి సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్. దాని ఎత్తుల్లో ఒకటి భలే తమాషాగా ఉంటుంది. సూక్ష్మజీవులు పెరగాలంటే ఇనుము కావాలి. మట్టిలో ఇనుము ఎంతున్నా చాలావరకు తుప్పులా, కరగకుండా ఉంటుంది. సూడోమోనాస్ పసుపు కలిసిన ఆకుపచ్చ పదార్థాన్ని వదిలి, దొరికిన కాస్త ఇనుమునూ పట్టేసుకుంటుంది. శత్రువుకు ఇనుము అందక ఎదుగుదల ఆగిపోతుంది. కత్తి దూయకుండా కంచం లాగేసుకోవడమన్నమాట! ఇలాంటి పోటీ వల్ల మొక్కకు మేలు జరుగుతుందని 1980లో జోసెఫ్ క్లోపర్ బృందం ‘నేచర్’ పత్రికలో వెల్లడించింది.

మరి పొట్లం కొని చల్లితే సరిపోతుందా? సరిపోదు. కొత్తగా వచ్చిన బ్యాక్టీరియా అక్కడి పాత కాపురస్తులతో పోటీపడి నెగ్గాలి. తిండి, తేమ లేకపోతే త్వరలోనే దాని సంఖ్య పడిపోతుంది. అందుకే దాన్ని బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, తడి ఉన్న నేలలో వేయమంటారు. రసాయన మందులతో కలపొద్దంటారు.

పసుపుకే కాదు, చెరకుకూ ఇదే లెక్క. బోధన్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడినా, ఆ ప్రాంతం పేరు చెబితే ఇప్పటికీ చెరకే గుర్తొస్తుంది. చెరకు కొట్టాక మిగిలిన ఆకుకు నిప్పు పెడితే చేను ఇట్టే శుభ్రమవుతుంది. దాంతోపాటు మట్టిలోని మన మిత్రుల తిండి కూడా కాలిపోతుంది. అదే ఆకును సాళ్ల మధ్య పరిస్తే నేల తడి ఆరదు, నెమ్మదిగా కుళ్లి ఎరువవుతుంది.

జీవన ఎరువు కొనేటప్పుడు పొట్లం మీద పేరు, తేదీ చూస్తాం. మంచిదే. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి: మన చేలో దానికి తినడానికి ఏముంది?